ఇంటికో చెయ్యి

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి గునపం దెబ్బ నాదే. అసలు కొట్టాల్సింది పోస్టుమాస్టరు గారు. రిటైరయ్యాక ఆయనకి మా వీధి సంఘమే ఉద్యోగం, అధ్యక్షుడూ ఆయనే. "ఆలోచన నీది టైలరమ్మా, దెబ్బ కూడా నువ్వే కొట్టు" అని గునపం నా చేతికిచ్చారు. సూది, కత్తెర తప్ప ఇంకేదీ పట్టని చెయ్యి నాది. గునపం నేలకి తగిలి పక్కకి జారింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. దేనికైనా సరే అనే మా వీధి సరేగారు ఈల వేశాడు.

ఇన్నాళ్ళూ ఆ ఖాళీ స్థలం వీధి వీధంతటికీ చెత్తకుండీ. ఎవరూ ఎత్తించలేదు, ఎవరూ అడగలేదు. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి కొట్టుకోవడం మాత్రం అందరికీ వచ్చు. ఇప్పుడు చెత్త మేమే ఎత్తాం. సగం స్థలంలో కూరమళ్ళు, సగంలో వాననీటి చెరువు. కాంట్రాక్టరు లేడు, ఆఫీసు లేదు, సంతకాల్లేవు. ఏ పని మీదైనా ఆదివారం పొద్దున్న అందరూ కూర్చుంటాం. ఇంటికో చెయ్యి. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటే పని. ఈ నియమం కూడా చేతులెత్తే పెట్టుకున్నాం.

చెరువు ఎటువైపు అన్న దగ్గరే కాస్త నలిగింది. ఎడమవైపు కంపౌండరు గారి ఇల్లు. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. కుడివైపు మా చెల్లి ఇల్లు. వెనకగది గోడ స్థలంలోకే ఉంటుంది. నేనే లేచి, "చెల్లి గోడవైపు తవ్వుదాం, దానికి నేను చెప్పుకుంటాను" అన్నాను. సొంతవాళ్ళ దగ్గర కాకపోతే ఇంకెక్కడ చొరవ తీసుకుంటాం? కంపౌండరు గారు నాకు దండం పెట్టినంత పని చేశాడు. గోడకీ గోతికీ మధ్య మనిషి నడిచేంత దారి వదలాలని కూడా నేనే చెప్పాను.

చేతులన్నీ లేచాయి. విషయం ఏంటో వినకముందే సరేగారి చెయ్యి లేచింది, ఆయనకా పేరు ఊరికే రాలేదు. చెల్లి మాత్రం చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుంది. చిన్నప్పటినుంచీ అంతే, తనని ముందుగా అడక్కపోతే మూతి ముడుచుకుంటుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎంత సంతోషంగా ఉందో రాయకపోతే నిద్ర పట్టదు. ఎదురెదురు ఇళ్ళలో ఉండి ఏళ్ళ తరబడి పలకరించుకోనివాళ్ళు ఇవాళ ఒకే తట్టకి చెరో చెవీ పట్టుకుని మట్టి మోశారు. లెక్కల టీచరు చీర కుచ్చిళ్ళు దోపుకుని గోతిలోకి దిగింది. పక్క వీధివాళ్ళు వచ్చి నోరు తెరుచుకుని చూశారు. "మీకెవరు చెప్పారు ఇలా చెయ్యమని?" అని అడిగాడు ఒకాయన. "ఎవరూ చెప్పలేదు, అందుకే చేస్తున్నాం" అన్నాను. ఆ మాట పోస్టుమాస్టరు గారికి నచ్చి, బోర్డు మీద రాయిస్తానన్నారు.

నడుము లోతు వచ్చినా ఇంకా పాత చెత్తే తేలుతోంది. ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, ఓ బొమ్మ తల. ఎప్పటి చెత్తో, ఎన్ని పొరలో. పిల్లలు నిధి దొరికినట్టు ఏరుకుంటున్నారు.

మా ఆయన ప్రెస్సు నుంచి వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. "మీ చెల్లెలికి వెనక గొయ్యి తవ్వేశావు, ముందు నుయ్యి కూడా తవ్విస్తే సామెత పూర్తవుతుంది" అన్నారు. ఆ నోటికి మంచి మాట ఎప్పుడొచ్చింది గనక.

ఏప్రిల్ 20, ఆదివారం

మొదట అనుకున్నది నడుము లోతే. ఇవాళ గోతిలో దిగితే సరేగారి తల మాత్రమే కనబడుతోంది. ఇక ఆపుదామా, ఇంకా తవ్వుదామా అని అడిగారు పోస్టుమాస్టరు గారు. ఎండాకాలం చివరిదాకా నీళ్ళుండాలంటే రెండు నిలువుల లోతుండాలని నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను. లెక్కల టీచరు కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు చెల్లి లేచింది. "రెండు నిలువులంటే సరే. మా గోడ పునాది ఎంత లోతుందో ఎవరైనా చూశారా? ఇదంతా పోసిన మట్టి అక్కా, కాలితో తంతే రాలుతోంది" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంటి దగ్గర నాతో చెప్పొచ్చుగా, నలుగురిలో ఎందుకు? "పునాది లోతు పునాదికి తెలుసులేవే" అన్నాను. ఘొల్లున నవ్వారు. చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యి తప్ప అన్నీ లేచాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఏప్రిల్ 27

తవ్వకం అయిపోయింది. చేతులు బొబ్బలెక్కి సూది పట్టుకోలేకపోతున్నాను.

మే 9

మొదటి వాన. పెద్దదేం కాదు. అయినా అడుగున నీళ్ళు నిలిచాయి, సాయంత్రానికే కప్పలు వచ్చాయి. పిలవకుండా వచ్చిన మొదటి సభ్యులని పోస్టుమాస్టరు గారు మురిసిపోయారు. పిల్లలందరితో పాటు చెల్లి కూతురు బుజ్జిది కూడా గట్టు మీద కూర్చుని, "పెద్దమ్మా, మన చెరువు!" అని అరుస్తుంటే కడుపు నిండిపోయింది.

వెనకగదిలో బీరువా తలుపు పడటం లేదంది చెల్లి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎవరైనా వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించమన్నాను. "అది ఇనప బీరువా అక్కా" అంది.

మే 11, ఆదివారం

వెళ్ళి చూశాను. బీరువా జరిపితే వెనక గోడకి చిన్న పగులు. నూలుపోగంత. ఇల్లన్నాక పగుళ్ళుంటాయి, నా మిషను గదిలో లేవా? కాకపోతే నా గదిలోవి అడ్డంగా ఉంటాయి, ఇది మెట్లు మెట్లుగా పైకి పోయింది. చెల్లి గోరంతని కొండంత చేస్తుంది. మరిది మంచివాడు. "వదినా, ఒకసారి ఎవరినైనా తెలిసినవాళ్ళని పిలుద్దామా?" అన్నాడు. వచ్చే ఆదివారం సమావేశంలో పెడదామన్నాను.

మే 18, ఆదివారం

పెట్టాం. వీధంతా చెల్లి వెనకగదిలోకి వచ్చి చూసింది. ఒకరి తర్వాత ఒకరు గోడకి వేలు రాసి చూశారు. కంపౌండరు గారు దగ్గరికి వంగి, జబ్బు చూసినట్టు చూసి, "ఇది పాతదే" అన్నాడు. ఆయనకి తెలిసినంత నాకూ తెలుసు. ఇటు చెరువు వద్దంటే అది ఆయన గోడవైపు వస్తుంది మరి.

బయటికి వచ్చి కూర్చున్నాక పోస్టుమాస్టరు గారు నియమం ప్రకారమే అడిగారు. "పగులు పాతదే అని ఎంతమంది అనుకుంటున్నారు?"

లేచాయి. నాది కూడా. చెల్లి అందరి చేతులూ చూడలేదు, నా చెయ్యి ఒక్కటే చూసింది. అలా చూడక్కర్లేదు. నేను సంఘానికి కార్యదర్శిని. నా చెల్లెలని నా చెయ్యి కిందుంటే రేపు నా మాట ఎవరు వింటారు? పైగా అందరికీ పాతదిగా కనబడింది కొత్తదెలా అవుతుంది.

మే 19

జాకెట్లు కుట్టాను. రాయడానికి ఏమీ లేదు.

మే 23

రెండు రోజులుగా వాన. చెరువు సగానికి వచ్చింది. ట్యాంకరు వీధి మొదట్లో హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది, ఒక్క బిందె కూడా కదల్లేదు. ఇంతకంటే ఏం కావాలి?

మరిది పగులు మీద అడ్డంగా సన్న కాగితం ముక్క అతికించాడట. గోడ కదులుతుంటే కాగితం చినుగుతుంది, కదలకపోతే చినగదు. ఎవరో చెప్పారట. మంచిదే, ఆ అనుమానం కూడా తీరిపోతుంది.

మే 27

చెల్లి పనికి వెళ్తూ మా ఇంట్లో పెట్టే తాళం తీసుకుని వెళ్ళాను. కాగితం చినిగింది. కాగితం కాబట్టి చినిగింది. తడికి జిగురు కూడా పట్టదు. పగులులో నా చిటికెన వేలు దూరింది. నా వేళ్ళు మామూలుగానే సన్నం.

అందుకని కాగితం తీసేసి, అదే రంగు గుడ్డ ముక్క అతికించాను. గుడ్డయితే గట్టిగా ఉంటుంది. ఏటవాలుగా కత్తిరించాను. నిలువు దారం మీద కత్తిరిస్తే ఉన్నచోటే ఉంటుంది, ఏటవాలుగా కత్తిరిస్తే లాగినకొద్దీ సాగుతుంది. మెడ పట్టీలకి అలాగే కత్తిరిస్తాం. అలవాటు కొద్దీ చెయ్యి అలా పోయింది.

జూన్ 1, ఆదివారం

ముక్క చినగలేదు. అందరూ చూశారు. "కాగితం పెడితే గుడ్డ ఎలా అయింది?" అన్నాడు మరిది. నేనే మార్చాను, కాగితం తడికి నిలవదని చెప్పాను. ఆ మాట నిజమే. చప్పట్లు కొట్టారు. మా మరిది మాత్రం తల దించుకుని నిలబడ్డాడు.

చెల్లి ఊరుకోలేదు. మున్సిపాలిటీ ఇంజనీరుని పిలుద్దామంది. పోస్టుమాస్టరు గారు చాలా నెమ్మదిగా చెప్పారు. "తల్లీ, వాళ్ళు ఇన్నాళ్ళూ చెత్త ఎత్తడానికి రాలేదు. ఇప్పుడొస్తే స్థలం మాదంటారు, చెరువు పూడ్చి తాళం వేసుకుంటారు. మన చేతులతో తవ్వుకున్నది వాళ్ళ చేతుల్లో పెడదామా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికీ తిరిగాయి.

పిలవొద్దని చేతులెత్తాం.

"మీరు పిలవకపోతే నేను పిలుస్తాను. నా ఇంట్లో పడుకునేది మీరు కాదు" అని చెల్లి లేచి వెళ్ళిపోయింది. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?

జూన్ 3

చెల్లితో వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. కూరమళ్ళలో బెండకాయలు కోసి ఇంటింటికీ పంచారు, చెల్లి ఇంటికి పంచలేదు. మర్చిపోయి ఉంటారు. బుజ్జిది గట్టు మీదికి వస్తే మిగతా పిల్లలు లేచి అవతలి గట్టుకి వెళ్ళిపోయారు. అది కాసేపు ఒక్కతే నీళ్ళలో రాళ్ళు వేసి ఇంటికి వెళ్ళింది. కుట్టు మీద కన్ను ఆనలేదు నాకు. పిల్లలేం చేస్తారు, పెద్దవాళ్ళ మాటలు వింటారు. ఆ పెద్దవాళ్ళలో నేను లేను.

జూన్ 5

మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఎవరో వచ్చాడు. మెడలో బిళ్ళ, చేతిలో టేపు. వీధిలో మొదటి ఇల్లు మాదే కదా, నన్నే అడిగాడు, గోడ పగిలిందని అర్జీ పెట్టిన ఇల్లెక్కడని.

"ఆ సమస్య తీరిపోయిందండీ" అన్నాను.

"తీరిపోయిందా? మీకెలా తెలుసు?"

"నేను ఆవిడ సొంత అక్కని."

అతనికీ అదే కావాలి. ఎండలో వచ్చాడేమో, మంచినీళ్ళు అడిగి తాగి, బండెక్కి వెళ్ళిపోయాడు. మా చెరువు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఇలాంటివాళ్ళా గోడ సంగతి చెప్పేది?

మా ఆయన లోపలినుంచి వింటూనే ఉన్నారు. "నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కానీ ఆ కుందేలు మీ చెల్లెలి ఇంట్లో ఉందే" అన్నారు. రాత్రి అన్నం తినలేదు. నేను తిన్నాను.

జూన్ 8, ఆదివారం

సమావేశానికి చెల్లి రాలేదు. మొదటిసారి అన్ని చేతులూ లేచాయి. ఏ విషయం మీదో గుర్తులేదు.

జూన్ 9

చెల్లి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పెద్ద వానలున్నాయంటున్నారు, వానలు తగ్గేదాకా ముగ్గురం మీ ఇంట్లో ఉంటామంది. ముందుగది ఇవ్వమంది, నేలమీద పడుకుంటామంది.

ఇవ్వనని ఎలా అంటాను? కానీ అన్నాను. "నువ్వు మూటాముల్లే సర్దుకుని నా ఇంటికి వస్తే వీధంతా ఏమనుకుంటుంది? గోడ పడుతుందని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఒప్పుకుంటే ఏమవుతుంది అక్కా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. చాలా ఉంది. ట్యాంకరు మళ్ళీ వస్తుంది. చెత్త మళ్ళీ పడుతుంది. ఎదురెదురు ఇళ్ళు మళ్ళీ తలుపులేసుకుంటాయి. నన్ను మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు. ఇవన్నీ చెప్పలేదు. "ఏమీ కాదు, నీ భయం తప్ప" అన్నాను.

"అయితే ఆ గదిలో నువ్వుండు. నా ఇంట్లో నువ్వుండు, నీ ఇంట్లో నేనుంటాను. అంత నమ్మకం ఉందిగా."

"ఉంటాను" అన్నాను. వీధిలో వాళ్ళందరికీ వినబడేలాగే అన్నాను.

జూన్ 11, బుధవారం

చెల్లి వెనకగదిలో కూర్చుని రాస్తున్నాను. నిన్నటినుంచి వాన ఆగలేదు. వాళ్ళు ముగ్గురూ మా ఇంటికి వెళ్ళారు. వెళ్తూ చెల్లి ఇంటి తాళం నా చేతిలో పెట్టింది, ముఖం చూడలేదు. చేతిలో పని ఉండాలని ఒక పరికిణీ తెచ్చుకున్నాను, అంచు కుట్టాలి.

కిటికీలోంచి చెరువు కనబడుతోంది. నిండింది. గొడుగులు వేసుకుని అందరూ గట్టు మీదే ఉన్నారు, కేకలు, ఈలలు. ఒక్కసారి నా వైపు చేతులూపారు. నేనూ ఊపాను. ఇంత మంచి రోజు నా జీవితంలో లేదు.

గోడకీ గోతికీ మధ్య వదిలిన దారి కనబడటం లేదు. నీళ్ళ కింద ఉండి ఉంటుంది.

కుర్చీ గోడ దగ్గరనుంచి గుమ్మం దగ్గరికి జరుపుకున్నాను. ఇక్కడ వెలుతురు బాగుంది.

గది తలుపు వేద్దామని చూస్తే గడప దగ్గర ఆగిపోయింది, చట్రంలో ఇమడటం లేదు. తీసే ఉంచాను.

గుడ్డముక్క చినగలేదు. బిగుసుకుపోయింది. సాగాల్సినంతా సాగింది, ఇక దానిలో సాగేది లేదు. ఆ సంగతి చూడగానే ఏ కుట్టుపనివాళ్ళకైనా తెలుస్తుంది. ఈ వీధిలో కుట్టేది నేనొక్కదాన్నే.

పుస్తకం మీద సున్నం రాలుతోంది. దులిపి రాస్తున్నాను.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. నిజంగానే లేచాను. అప్పుడే పోస్టుమాస్టరు గారు గొడుగు మడుచుకుంటూ లోపలికి వచ్చారు. "మా కార్యదర్శి ఒక్కతే కూర్చుంటే మేం గట్టు మీద చోద్యం చూస్తామా?" అని చాప పరుచుకుని కూర్చున్నారు. వెనకాలే సరేగారు ఫ్లాస్కు నిండా టీ తెచ్చాడు. లెక్కల టీచరు, కంపౌండరు గారు, వాళ్ళావిడ, పిల్లలు. ఎవరూ చేతులెత్తి తీర్మానించలేదు, ఎవరికి వాళ్ళే వచ్చేశారు. గది నిండిపోయింది. తడిసిన బట్టల వాసన, నవ్వులు. నేను సంఘం వివరాలు రాస్తున్నానని అనుకుంటున్నారు. "అందరి పేర్లూ రాయి టైలరమ్మా, ఎవరెవరొచ్చారో" అన్నారు పోస్టుమాస్టరు గారు. "పదిమందితో చావైనా పెళ్ళితో సమానం" అన్నాడు సరేగారు. పగలబడి నవ్వారు.

చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలి? గుడ్డ ఏటవాలుదని చెప్పాలా? ఆఫీసువాడు వచ్చి వెళ్ళాడని చెప్పాలా? నా కోసం వచ్చారు వీళ్ళంతా, వానలో.

చెల్లి వచ్చింది. బుజ్జిదాన్ని చంకనేసుకుని తడుస్తూ వచ్చింది. నన్ను పిలుచుకుపోవడానికే వచ్చింది, "అక్కా, లేచి రా, నువ్వే గెలిచావు, రా" అని గుమ్మంలోంచి అంటూనే ఉంది, లోపల ఇంతమందిని చూసి ఆగిపోయింది.

"రా తల్లీ, నీ ఇల్లే" అన్నారు పోస్టుమాస్టరు గారు. ఇన్ని రోజుల తర్వాత ఒకరు దానితో మాట్లాడారు. కంపౌండరు గారి భార్య చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. టీచరు తన కొంగుతో దాని తల తుడిచింది. పిల్లలు జరిగి బుజ్జిదానికి చోటిచ్చారు, అది చంకలోంచి జారి వాళ్ళలో పడిపోయింది. మా చెల్లి ఏడ్చింది. నలుగురిలో అది ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

గదిలో ఖాళీ ఉన్నది గోడ దగ్గరే. అక్కడ కూర్చుంది. గుడ్డముక్క సరిగ్గా దాని తలకి పైనే ఉంది.

"నిజంగా ఏం కాదు కదక్కా?" అంది. మెల్లిగానే అంది. కానీ గదంతా నా వైపు తిరిగింది.

"నేనున్నాగా" అన్నాను.

చెల్లి గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. కంటినిండా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. సరేగారు టీ పోస్తున్నాడు, ఇంకా సగంమందికి అందలేదు. అందరూ తాగగానే చెప్తాను.